మడి ఆరగట్టి వేసిన మాత్ర

ఆ రోజుల్లో కర్ణాటకలోని సింధనూరు ప్రాంతానికి కాలువ నీళ్ళు, యూరియా బస్తాలు, మా కుటుంబం ఇంచుమించు ఒకేసారి వచ్చి పడ్డాం. మందు పడితే ఏదైనా ఏపుగా ఎదుగుతుందని మా నాన్న నమ్మకం. మందు మింగితే నేను పోయి, నా చొక్కాలో ఇంకెవడో కుర్రాడు తిరుగుతాడని నా నమ్మకం. రెండింటిలో నాదే పెద్ద తెలివితక్కువతనమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, అప్పుడు ఆ భయంతో అన్నం సహించేది కాదు.

నాన్నకు ధాన్యం ఎంత పండేదో నాకు పరధ్యానం అంత పండేది. పంతులుగారు కూడికలు చెబుతుంటే నేను కిటికీలోంచి కాలువగట్టు మీది గేదెల్ని కూడేవాణ్ణి. (లెక్క తప్పేది కాదు, గేదెలే కుదురుగా ఉండేవి కావు.) ఈసారి పరీక్ష తప్పితే బడి మాన్పించి మడిలో దింపుతానని నాన్న తేల్చేశాడు. ఆఖరి ప్రయత్నంగా రాయచూరులో ఒక కుర్ర డాక్టరుకు చూపించాడు. ఆయన మనసు నిలవడానికని ఏవో కొత్తరకం మాత్రలిచ్చి, "సగం సగం ఇయ్యండి, వారమాగి మల్ల తోల్కరండి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి యుద్ధం. "లారీవోళ్ళు నిద్దర ఆపుకోడానికి మింగే రకం మందంటగా! అసలే కుదురులేని పిల్లాడికి హుషారు మందేవిట్రా?" అంది నాయనమ్మ. "ఆ హుషారు బుర్రకెక్కితే ఒళ్ళు కుదురుతుందంటమ్మా. డాక్టరు కంటే నీకెక్కువ తెల్సా?" అన్నాడు నాన్న. "వాడి గుండె ఆగిపోతే ఎవణ్ణడుగుతావ్?" ఆ మాటకు నా గుండె, ఎందుకైనా మంచిదని, ఒకసారి ఆగి చూసుకుంది.

యూరియా చల్లేముందు మడిలో నీళ్ళు తీసేసి ఆరగడతారు, లేకపోతే మందు నీళ్ళపాలే. నాన్న ఆ పద్ధతే నామీద పెట్టాడు. సాయంత్రం నుంచి నాకు మంచినీళ్ళు బంద్. పొద్దున్నే ఎండిన నాలుక మీద మాత్ర, సగం కాదు, నిండుది. ("ఈ డాక్టర్లెప్పుడూ మోతాదు తక్కువే చెబుతార్రా!") కాసేపటికి గుండె రైసుమిల్లులా ఆడింది. గాదె వెనక కూర్చుని నా పేరు నేనే పిలుచుకుంటూ, పలికేది నేనేనా కాదా అని వింటూ ఏడ్చాను.

నాయనమ్మ మమ్మల్నిద్దరినీ బస్సెక్కించి డాక్టరు ముందు నిలబెట్టింది. సంగతి విని ఆయన, "ఏందయ్యా, పిలగాణ్ణి మడి అనుకున్నవా? నీళ్లు బంద్ జేసి దవా ఏస్తరా ఎవరన్న? సగమే అన్న కదా!" అన్నాడు. నాన్న తల దించుకోవడం అదే మొదటిసారి చూశాను. "బంద్ జేద్దామా, సగం ఇద్దామా? వాణ్ణే అడుగుండ్రి" అన్నాడు డాక్టరు. అంతవరకూ నన్నెవరూ అడగలేదు. "సగం... నీళ్ళతో" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ సగం మాత్రతో లెక్కలు చివరికంటా చేయగలిగాను, పరీక్ష గట్టెక్కాను. భయం మాత్రం మాత్రతోపాటే రోజూ గొంతు దిగేది.

ఒకరోజు నాన్న చుట్టాలకు, తాను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో చంపిన తాచుపాము కథ చెబుతున్నాడు. ఎదురుగా కూర్చుని చెవులు రిక్కించి విన్నాను. "నాన్నా, పోయినసారి పాము పారిపోయిందన్నావు. ఇప్పుడెలా చచ్చింది?" చుట్టాలు గొల్లుమన్నారు. నాన్న లోపలికెళ్ళి నాయనమ్మతో మెల్లగా, "అమ్మా, ఆ మాత్రలింక ఆపేద్దామా? వీడు మరీ శ్రద్ధగా వింటున్నాడు" అన్నాడు.

అసలు ఆ రోజు పొద్దున నాయనమ్మ నాకు మాత్ర ఇవ్వడమే మరిచిపోయింది. ఆ సంగతి నేను నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు.