మా అత్త ఇచ్చిన డబ్బా

శంషాబాద్ విమానాశ్రయం పక్కనే, విమానాల్లో పెట్టే భోజనాలు వండే వంటశాలలో నాది కూరగాయలు తరిగే పని. ఏడాదికోసారి మాకందరికీ మలపరీక్ష చేస్తారు. అందులో పురుగు కనబడితే నయమయ్యేదాకా లోపలికి రానివ్వరు. ఆ ఏడు పరీక్ష చీటీ చేతికొచ్చేసరికి నా కడుపు మూడు నెలలుగా నా మాట వినడం లేదు. మెలిపెట్టే నొప్పి, జిగట, రోజుకు ఐదారుసార్లు పరుగు. ఉద్యోగం పోతుందన్న భయం తోడై ఆ పరుగులు ఇంకా పెరిగాయి.

ఇంట్లో మా అత్తకు నా నొప్పి మీద నమ్మకం లేదు. కొత్వాల్‌గూడలో పుట్టి పెరిగిన మనిషి, దవాఖాన గడప తొక్కలేదని ఆమెకు మహా గొప్ప. బోరు నీళ్ళు తాగినా, నిన్నటి కూర తిన్నా ఆమెకేం కాదు. నేను బాత్రూం తలుపు వేసుకున్నప్పుడల్లా, పని ఎగ్గొట్టడానికి కడుపునొప్పి మంచి ఉపాయమని గోడకు చెప్పేది.

ఆ గొప్పే నాకు దారి చూపించింది. పొద్దున్నే ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఆమె ముందు నిలబడి, నా బదులు ఆమెది ఇమ్మని సిగ్గు విడిచి అడిగేశాను. ఇంకొకరైతే చీపురు తిరగేసేవారు. మా అత్త మురిసిపోయింది. నా కడుపు రాయి బిడ్డా అంటూ లోపలికి వెళ్ళి, కాసేపటికి డబ్బాను శుభ్రంగా తుడిచి, తాంబూలం ఇచ్చినట్టు నా చేతిలో పెట్టింది.

మూడోనాడు పరీక్ష చేసిన డాక్టరు పిలిచారు. కోస్తా మనిషి, ఎవరినైనా అండీ అంటారు. రిపోర్టులో అమీబా ఉందన్నారు. నా నోరు ఆగలేదు.

“అది నాది కాదు సార్, మా అత్తది.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “మరి మీది ఎక్కడుందండీ?”

ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే కడుపు ఇంకా మెలిపెట్టింది. ఆయన గట్టిగానే చీవాట్లు పెట్టి, అసలు డబ్బాతో పాటు అత్తను కూడా తీసుకురమ్మన్నారు.

మళ్ళీ పరీక్ష చేస్తే ఇద్దరిదీ ఒకటే పురుగని తేలింది. తనకు లేని నొప్పి నాకెందుకని అత్త నిలదీసింది. డాక్టరు ఓపిగ్గా చెప్పారు. ఇది కొందరి పేగులో కిక్కురుమనకుండా పడి ఉంటుందట. కొందరిలో మాత్రం ఎంజైములు వదులుతుంది. అన్నం అరిగించడానికి మనకున్నట్టే దానికీ ఎంజైములున్నాయి, కాకపోతే అది అరిగించేది మన పేగునే. ముందు పేగు మీది జిగురు పొర కరుగుతుంది, తర్వాత గోడ పుండు పడుతుంది. ఒంట్లోని రక్షణ కణాలన్నీ అక్కడికి ఎగబడతాయి. వాపూ నొప్పీ ఆ కొట్లాటలోనివే.

ఇంట్లో పచ్చివి ఏం తింటారని ఆయన అడిగారు. ఇద్దరం ఒకేసారి పచ్చిపులుసన్నాం. అది పొయ్యి ఎక్కదు. చింతపండూ ఉల్లిగడ్డా చేత్తో పిసకాలి. పిసికేది మా అత్త. పులుసుకు వాసన పడుతుందని ఆమె చేతికి సబ్బు తగలనివ్వదు.

ఆటోలో అత్త చాలాసేపు తన చేతులే చూసుకుంది.

“నీది నాటకమనుకున్న బిడ్డా. నేనే పెట్టి, మళ్ల నిన్నే అన్న.”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నేను ఏడవడం చూసి ఆమె నవ్వింది, ఆమె నవ్వుకు నేనూ నవ్వాను. ఆటో అన్న అద్దంలోంచి మమ్మల్ని అనుమానంగా చూశాడు.

ఇద్దరం మాత్రలు మింగాం. ఆమెకు అవే జీవితంలో మొదటి మాత్రలు. మళ్ళీ పరీక్షలో, ఈసారి నా సొంత డబ్బాతోనే, ఏమీ లేదని తేలింది. పనిలోకి రమ్మన్నారు.

ఆ రోజు అత్త పచ్చిపులుసు చేసింది. పోసే ముందు రెండు చేతులూ నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమంది. సబ్బు వాసన. పులుసులో కూడా కొంచెం ఉంది. రెండుసార్లు పోయించుకున్నాను.