మా నాయన కుట్టిన ఐదో నంబరు

మా చిన్నప్పుడు... ఒక శుక్రవారం సాయంత్రం, కువైట్‌లోని హవల్లీలో మా ఫ్లాటు గుమ్మం దగ్గర అమ్మ నా స్వెటర్ గుండీలు పెడుతోంది. తమ్ముడు చెప్పులు కుడి ఎడమలు మార్చి వేసుకుని, అవే సరైనవని మొండికేశాడు. నాకు ఏడేళ్లు, వాడికి నాలుగు. మా నాయన మమ్మల్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్తున్నాడు... పెద్ద క్లబ్బుల మ్యాచ్, పెద్ద స్టేడియం.

నిజానికి మా నాయనకు ఫుట్‌బాల్‌లో ఓనమాలు కూడా తెలియవు. రాయచోటి నుంచి కువైట్ వచ్చిన దర్జీ ఆయన. ఆటల బట్టలు అమ్మే దుకాణంలో మిషన్ కుట్టేవాడు. ఒక క్లబ్బు వాళ్ల జెర్సీల మీద అతికించిన నంబర్లు చెమటకు లేచిపోతున్నాయట. గుడ్డతో కత్తిరించి గట్టిగా కుట్టిమ్మన్నారు. ఆ పని నాయన మీద పడింది. కొన్ని ఇంటికి కూడా తెచ్చుకుని కుట్టాడు... అమ్మ దారపు కొసలు కత్తిరిస్తే, నేను మడతలు పెట్టాను.

దుకాణం కఫీల్, అంటే నాయనకు వీసా ఇచ్చిన యజమాని, ఒకటే మాట అన్నాడు. మ్యాచ్‌లో ఒక్క నంబరు ఊడినా ఖలాస్. ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, నా బడి పోతుంది, అందరం పెట్టెలు సర్దుకోవాలి. అమ్మానాన్నలు గుసగుసగానే మాట్లాడుకున్నారు కానీ... ఒక్క గది ఫ్లాటులో పిల్లలకు తెలియని రహస్యాలేముంటాయి?

ఇంకో సంగతి... నాయనకు దూరం చూపు ఆనేది కాదు. కళ్లజోడు పెట్టుకోమంటే రేపు మాపు అని దాటేసేవాడు. అందుకే నన్ను తీసుకెళ్లాడు. నన్ను తీసుకెళ్తే తమ్ముడు ఊరుకోడు కాబట్టి వాడూ వచ్చాడు.

అమ్మ చేసంచిలో కారం కలిపిన బొరుగులు పోసి, మరచెంబు నిండా నీళ్లు పెట్టింది. స్టేడియం గేటు దగ్గర ఈజిప్టు కాపలాదారు ఆ మరచెంబు మూత తిప్పి, వాసన చూసి, లోపలికి కుదరదన్నాడు. పోయేటప్పుడు తీసుకోమని తన కుర్చీ కింద పెట్టుకున్నాడు. ఇక చూడాలి మా వాడి దిగులు... మ్యాచ్ సగం దాకా "నాయనా, మన చెంబు యాడుండాది?" అంటూనే ఉన్నాడు.

లోపల జనమంతా మా జట్టు గోల్ కొట్టే వైపు కూర్చున్నారు. నాయన మమ్మల్ని ఎదురు వైపుకు తీసుకెళ్లాడు, మా గోల్‌కీపర్ వెనక్కి. అక్కడ కూర్చుంటే, ముందుకు పరుగెత్తే మా వాళ్ల వీపులు కనిపిస్తాయి. మేం చూడ్డానికి వచ్చింది ఆ వీపుల్నే కదా...

"సదువు పాపా," అన్నాడు.

"రెండు... ఐదు... ఏడు... పదకొండు... అన్నీ ఉండాయి నాయనా."

కాసేపాగి, "మళ్లా సదువు," అన్నాడు.

విరామం తర్వాత జట్లు వైపులు మారాయి. మేమూ మారాం. తమ్ముణ్ని భుజాన వేసుకుని నాయన, సంచి పట్టుకుని నేను, గ్యాలరీ చుట్టూ నడిచాం. ఒకాయన నవ్వుతూ, "చాచా, గోల్ ఇధర్ హోగా, ఉధర్ క్యోం జా రహే హో?" అన్నాడు, గోల్ ఇటు పడుతుంటే అటెందుకని. నాయన కూడా నవ్వేసి ముందుకు కదిలాడు.

ఇంక కాసేపట్లో అయిపోతుందనగా... మా ఐదో నంబరు ఆటగాడు బంతితో ముందుకు దూసుకుపోయాడు. వెనక నుంచి అవతలి వాడు ఒక్క ఉదుటున జెర్సీ పట్టి లాగాడు. సరిగ్గా నంబరు మీదే పిడికిలి. బట్ట బారెడు సాగింది. ఇద్దరూ కింద పడ్డారు. గ్యాలరీ మొత్తం లేచి రిఫరీ మీద అరుస్తోంది. నాయన కూడా లేచాడు, కానీ అరవలేదు. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది.

"సదువు పాపా..."

మా ఐదో నంబరు వెల్లకిలా ఉన్నాడు. వీపు కనబడదు. మెల్లగా లేచి, నిక్కరు దులుపుకుని, అటు తిరిగాడు.

"ఐదు, నాయనా. అట్లే ఉండాది. ఒక్క మూల గూడా లేయలే."

నాయన కూర్చున్నాడు. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకున్నాడు. అప్పటిదాకా ఒక్క గింజ ముట్టలేదు మహానుభావుడు. నాకైతే గ్యాలరీలో అందరినీ పిలిచి, అది మా నాయన కుట్టు అని చెప్పాలనిపించింది. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంటికి రాగానే అమ్మ తలుపు తీసి, "ఎవురు గెల్చినారు?" అంది. నేనూ నాయనా మొహమొహాలు చూసుకున్నాం. ఆ సంగతే చూసుకోలేదు... మరచెంబును చంకనెత్తుకున్న తమ్ముడు మాత్రం తడుముకోకుండా చెప్పాడు.

"మా నాయన."

ఆ తర్వాత నా చదువు అయ్యేదాకా ఆ క్లబ్బు జెర్సీలన్నీ మా నాయన మిషన్ మీదే నడిచాయి.

మొన్న నా పిల్లలిద్దర్నీ అదే స్టేడియానికి తీసుకెళ్లాను. ఇప్పుడు నంబర్లన్నీ బట్టలోనే అచ్చయి వస్తున్నాయి... ఊడతాయన్న భయం ఎవరికీ లేదు. అయినా నా కాళ్లు ఆ వీపులు కనిపించే వైపుకే పోయాయి. "అమ్మా, గోల్ అక్కడ కదా, ఇక్కడెందుకు?" అంది మా అమ్మాయి. పక్కన కూర్చోబెట్టుకుని, "ముందు నంబర్లు చదువు, తర్వాత చెప్తా," అన్నాను. అది ఒక్కొక్కటే చదువుతుంటే... ఐదు దగ్గరికి వచ్చేసరికి నాకు మైదానం మసకబారింది.

మీ అమ్మానాన్నల చేతి పని నలుగురి మధ్యలో చూసి మీరు పొంగిపోయిన రోజు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... కూర్చుని ఒక్కొక్కటీ చదువుతాను.