సర్వర్‌కు పెట్టిన బొట్టు

సికింద్రాబాద్ కార్ఖానా ఏరియాలో మా ఆఫీసు ఓ మిఠాయి కొట్టు పైన ఉండేది. ఐటీ కంపెనీ అని పెద్ద బోర్డు పెట్టుకున్నాం గానీ అందరికీ కలిపి ఒకటే ఫోన్ లైను. ఇంటర్నెట్ ఒక్క కంప్యూటర్లోనే వచ్చేది. మెయిల్ చూసుకోవాలంటే దాని ముందు క్యూ కట్టేవాళ్లం.

ఆ బాధ తీర్చింది నేనే. ఓ పాత కంప్యూటర్‌ని సర్వర్‌గా మార్చి, అందరి ఇంటర్నెట్టూ దాని గుండా వెళ్లేలా చేశాను. ఎవరైనా ఒక పేజీ తెరిస్తే సర్వర్ దాని నకలు దాచుకుంటుంది. తర్వాత అడిగినవాళ్లకు ఆ నకలే చూపిస్తుంది. పేజీలు ఠక్కున వస్తుంటే అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు తలకెక్కింది. ఇంకా వేగంగా రావాలని, నకళ్లను వారాల తరబడి మార్చకుండా ఉంచేలా పెట్టాను.

నా పక్క సీటు అకౌంట్స్ చూసే అక్కది. ఆమెది సికింద్రాబాదే. నేను శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చినప్పుడు మోండా మార్కెట్‌కు తీసుకెళ్లి స్టవ్వూ గిన్నెలూ బేరమాడి ఇప్పించింది. నా యాస విని నవ్వేది గానీ, తన టిఫిన్ డబ్బాలో రోజూ నాకో వాటా ఉండేది. ఆమె ప్రభుత్వ టీచరు పరీక్ష రాసింది. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం.

రోజూ రాగానే ఫలితాల పేజీ తెరిచేది. 'త్వరలో వెల్లడిస్తాం' అనే ఉండేది.

ఒకరోజు వస్తూనే, "తమ్మీ, మా గల్లీల పోరికి నౌకరీ వచ్చిందంట. సర్టిఫికెట్లు సుత చూపిచ్చొచ్చిందంట. జెర చూడరాదు," అంది.

నేను తల తిప్పకుండానే, "గల్లీ మాటలు నమ్ముతావేటక్కా? సైట్లో లేకపోతే రానట్టే," అన్నాను.

"గంతేనంటవా?" అని కూర్చుంది. గల్లీని కాదని నన్ను నమ్మింది. మధ్యాహ్నం డబ్బా మూత తియ్యలేదు.

ఆ మూత చూశాకే నాకు అనుమానం వచ్చింది. సర్వర్లోని నకళ్లన్నీ తుడిచేసి పేజీ మళ్లీ తెరిచాను. ఫలితాలున్నాయి. ఆమె నంబరూ ఉంది. సర్టిఫికెట్లు చూపించడానికి గడువు ఆ సాయంత్రమే. ఇన్నాళ్లూ ఆమెకు పాత పేజీ చూపించింది నా తెలివే.

ఆ మాట చెప్పాల్సింది. చెప్పకుండా, "అక్కా, ఇప్పుడే వచ్చాయి! నీ నంబరుంది!" అని అరిచాను.

ఆమె ఏడ్చింది, నవ్వింది. నా స్కూటర్ మీద రెజిమెంటల్ బజార్‌లో వాళ్లింటికి వెళ్లి సర్టిఫికెట్లు తీసుకుని, కౌంటర్ మూసేలోపు చేరాం. దారంతా వెనక నుంచి, "నువ్వు లేకుంటె నా గతేంది తమ్మీ," అంటూనే ఉంది. ట్రాఫిక్ హోరులో వినబడనట్టు నటించాను.

టీచరయ్యాక, ఆఫీసులో దసరా ఆయుధ పూజకు స్వీట్లు పట్టుకుని వచ్చింది. కంప్యూటర్లన్నిటికీ చిన్న బొట్లు పెట్టి, సర్వర్‌కు మాత్రం బంతిపూల దండ వేసి రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. "నా నౌకరీ ఇదే తెచ్చింది," అని అందరికీ చెబుతోంది. నిమ్మకాయలు పట్టుకుని పక్కన నిలబడ్డ నేను ఇక ఓర్చుకోలేకపోయాను.

"అక్కా, నీ రిజల్టు ఆపింది కూడా ఇదే."

ఆమె చెయ్యి ఆగింది. "ఇది ఆపిందా, నువ్వు ఆపినవా?"

"నేనే. పాత పేజీలు ఉంచేలా పెట్టింది నేనే. తెలిశాక కూడా నీకు చెప్పలేదు."

"గా దినం గడువు దాటిపోతే ఏం జేస్తుంటివి?"

"తెలీదక్కా."

ఆమె కుంకుమలో వేలు ముంచి, సర్వర్‌కు పెట్టినంత బొట్టే నా నుదుట పెట్టింది.

"ఇగ నువ్వు సుత మంచిగ పనిచెయ్యాలె. జరుగు, హారతియ్యాలె," అంది.