ఒక్కొక్కణ్ణీ అడగమన్న ఖాదర్ సార్

నిన్న గుంటూరులో బస్సెక్కి, ఎండకు కాగిన రెక్సిన్ సీటు వాసన తగలగానే కిటికీ తెరిచేశాను. సౌదీలో, జుబైల్‌లో మా ఆస్పత్రి బస్సు కూడా ఇదే వాసన వేసేది. దాన్ని నడిపిన ఖాదర్ సార్‌ది కడప. ఊళ్ళో ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి అక్కడికొచ్చి డ్రైవరయ్యారు. నేను నర్సుని, దూరవిద్యలో బీఏ కట్టాను. డ్యూటీకి వచ్చేవాళ్ళందరూ బస్సెక్కేదాకా ఆయన దగ్గర పాఠానికి పది నిమిషాలు దొరికేవి. అదే నా కాలేజీ.

ఒకరోజు జెరూసలేం కోసం క్రైస్తవులకూ ముస్లింలకూ జరిగిన పాత యుద్ధాల పాఠం వచ్చింది. నేను క్రైస్తవురాలిని, ఆయన ముస్లిం, ఉన్నదేమో ఆ దేశంలో. గొంతు తగ్గించి, మతం కోసమేగా సార్, ఒక్క ముక్కలో రాసేస్తానన్నాను.

"దండులో వేలమంది పోయినారు సిస్టర్. యెందుకు పోయినావని ఒక్కొక్కణ్ణీ అడగాల," అన్నారు.

పాపాలు పోతాయని నిజంగా నమ్మి వెళ్ళినవాడున్నాడట. ఆస్తంతా అన్నకే పోతే భూమి కోసం వెళ్ళిన తమ్ముడున్నాడట. ఓడల వర్తకులకు రేవులు కావాలి. ఇటువైపు సుల్తానుల్లోనూ తోటి సుల్తాను మీద పగతో చూస్తూ ఊరుకున్నవాళ్ళున్నారట. ఇవన్నీ ఒకే మనిషిలో కూడా ఉండొచ్చన్నారు. నేను బుద్ధిగా రాసుకున్నాను.

అవి నితాఖత్ రోజులు. స్థానికులకు చాలినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీలను ఎరుపు జాబితాలో వేసి, మాబోటివాళ్ళ ఇఖామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కాకుండా ఆపేవారు. ఎవరిని కదిపినా అదే బెంగ. మాకున్న ఊరటల్లా శుక్రవారం సెలవునాటి ప్రార్థన. అక్కడ మా ప్రార్థనలు నిషేధం గనక పుట్టినరోజని చెప్పి, కేకు పెట్టెల్లో బైబిళ్ళు పెట్టుకుని, ఊళ్ళో ఒకరి ఫ్లాట్‌కి వెళ్ళేవాళ్ళం. ఖాదర్ సారే మా ఐదుగురు నర్సులనీ వ్యానులో దింపేవారు.

ఒక శుక్రవారం బండి పాడైందన్నారు. మరుసటి వారమూ అదే మాట. తీరా చూస్తే బండి నిక్షేపంగా ఉంది. నాకు ఒళ్ళు మండింది, మా సంగతి ఎక్కడ బయటపెడతారోనని భయమూ పట్టుకుంది. బస్సులో ఎవరూ లేనప్పుడు అడిగేశాను.

"మమ్మల్ని ప్రార్థనకి తీసుకెళ్తే మీకు పాపం చుట్టుకుంటుందా సార్?"

ఆయన కిందికి దిగి బస్సు అద్దం తుడవడం మొదలుపెట్టారు.

నెల తిరక్కుండా, సర్కారు ప్రకటించిన క్షమాభిక్ష కింద స్వదేశం వెళ్ళేవాళ్ళ జాబితాలో ఆయన పేరు కనిపించింది. ఆయన్ని పనిలో పెట్టుకున్న డ్రైవర్ల కంపెనీ ఎరుపులో పడి, ఇఖామా గడువు ఎప్పుడో తీరిపోయిందట. ఆస్పత్రీ మా క్వార్టర్సూ ఉన్న కాంపౌండు లోపల ఎవరూ అడగరు గానీ ఊళ్ళోకి వెళ్ళే దారిలో చెక్‌పోస్టుంది. పరుగున వెళ్ళి, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"భయం ఒగటి. చదువు చెప్పేవానికి కాయితాల్లేవంటే సిగ్గు, అదొగటి. నేను దొరికితే మీ కేకు పెట్టెలు గూడా తెరుస్తారు, అదొగటి. నువ్వు ఒక్కటే రాసేస్తివి సిస్టర్."

తిట్టినా బాగుండేది. క్షమించమని అడగకుండానే వచ్చేశాను. రెండు రోజులకు ఆయన వెళ్ళిపోయారు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. కారణాలన్నీ రాశాను, మంచి మార్కులే పడ్డాయి. ఆయన కడప అడ్రసు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎన్నిసార్లు ఉత్తరం మొదలుపెట్టానో. ఆరోజు బస్సులో ఆ మాట ఎందుకన్నానో చెప్పాలి కదా, భయమేసి అన్నాను సార్ అని రాస్తాను. అదొక్కటే కాదని నాకు తెలుసు. కాగితం చింపేస్తాను.