నర్సింగ్ బావ వాపసు తెచ్చిన మట్టి

నిన్న పొద్దున్నే ఫోన్. "నర్సింగ్ పోయిండు, హార్ట్ ఎటాక్" అన్నారు.

ఛ, ఊరుకోండి అన్నాను. మొన్న సాయంత్రమే కదా నా షెడ్డుకొచ్చి, తన చాయ్‌తో పాటు నా చాయ్ కూడా తాగేసి వెళ్లాడు!

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

మాది రక్తసంబంధం కాదు, పక్క షెడ్డు సంబంధం. నాచారంలో ఆయనది ప్లాస్టిక్ రీసైక్లింగ్, నాది లేత్ మెషీన్ పని. పొలాల్లో మొక్కల చుట్టూ పరిచే మల్చింగ్ షీట్ ఉంటుందే, పంట అయ్యాక దాన్ని తెచ్చి, కడిగి, ముక్కలు కొట్టి, కరిగించేవాడు. షీట్‌కి అంటుకున్న మట్టితో మెషీన్ బ్లేడ్లు ఊరికే మొద్దుబారేవి. పదును పెట్టేది నేను. తిట్టేదీ నేనే.

"మట్టినేమనకు బావా, పాపం మస్తు దూరం నుంచి వచ్చింది" అనేవాడు.

ఆయన బాధల్లా ఒకటే. రైతులు ఆ షీట్‌ని గట్టు మీద వేసి కాల్చేస్తారు. పొగ కనిపిస్తే బండి ఆపి మరీ గొడవపడేవాడు.

భువనగిరి వైపు మల్లయ్య అనే రైతు అలాగే కాల్చేవాడు. కాల్చకుండా తనకివ్వమని బావ అడిగితే, "షీట్‌తోని నా మట్టి గూడ పట్కపోతవ్. ఇయ్య పో" అన్నాడట.

"ఒక్కసారి ఇయ్యి. నీ మట్టి నీకు వాపసు తెస్త" అని మాటిచ్చి తెచ్చాడు బావ.

జోక్ అనుకున్నాను. వారం తిరక్కుండా, షీట్లు కడిగే తొట్టి అడుగున పేరుకున్న మట్టి తీసి, ఆరబెట్టి, రెండు బస్తాలు కట్టాడు. ట్రాలీలో నన్ను కూడా ఎక్కించుకుని బయల్దేరాడు.

మల్లయ్య బస్తా విప్పాడు.

"ఏంది నర్సన్నా గిది? నాది నల్లమట్టి. నువ్వు ఎవల్దో ఎర్రమట్టి తెచ్చినవ్!"

అప్పుడు మా బావ మొహం చూడాలి!

మల్లయ్య నవ్వీ నవ్వీ గట్టు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత మళ్లీ షీట్ కాల్చలేదు. పక్క పొలాల వాళ్లది కూడా తనే పోగుచేసి ఉంచేవాడు. ఆ ఎర్రమట్టి ఎవరిదో మాత్రం ఇప్పటికీ తెలీదు.

ఈరోజు చెంగిచెర్లలో బావని మట్టిలో పెట్టాం. అందరం తలా గుప్పెడు వేస్తుంటే మల్లయ్య వచ్చాడు. చేతిలో చిన్న సంచి. విప్పితే నల్లమట్టి.

"గీసారి మారలె నర్సన్నా. నాదే గిది" అంటూ వేశాడు.

అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్నాను. ఫక్కున నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే ఏడ్చేశాను.

దినాలయ్యాక షెడ్డు తనే తెరుస్తానంది బావ కూతురు. బ్లేడ్లు పదును పెట్టి ఉంచుతాను బావా, ఈసారి తిట్టను.

వెళ్లిరా. పొగ లేని చోట హాయిగా నిద్రపో.