చీపురు పుల్ల

రాయడం నాకు కొత్త. చదువు ఐదుతోనే ఆగింది, తప్పులకు ఏమనుకోకండి.

గూడూరులో మా చిన్నమ్మ కూతురు ఐదేళ్లప్పుడు గడ్డిబండి మీంచి పడింది. వెన్నుపూస దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. ఇక స్పర్శ రాదని దవాఖానలో చెప్పారు. చిన్నమ్మ నమ్మలేదు. రోజూ వాకిలి ఊడ్చాక చీపురు పుల్లతో పిల్ల అరికాలు గీకేది.

"ఎరుకైతుందా బిడ్డా?"

"అయితుందమ్మా, గిలిగిలి అయితుంది" అని పిల్ల నవ్వేది. చిన్నమ్మ ముఖం వెలిగేది.

ఒకరోజు నేను చూస్తుండగా చిన్నమ్మ అట్లా అడగగానే, అరికాలికి తగలకముందే పుల్ల విరిగింది. చిన్నమ్మ చీపురులోంచి ఇంకోటి తీస్తోంది. గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల, "చాలమ్మా, గిలిగిలి అయితుంది" అని నవ్వింది.

చిన్నమ్మ చేయి ఆగిపోయింది. "గట్లనా? ఆపుతా తియ్" అని తనూ నవ్వింది.

మర్నాడూ గీకింది. కానీ ఎరుకైతుందా అని మళ్లీ ఎన్నడూ అడగలేదు.

రాసిందాంట్లో తప్పులుంటే మన్నించండి.