నీళ్ళ కట్టర్

మా బాత్రూంలో మావాడు రెండోసారి జారిపడ్డాక గరుకు టైల్స్ వేయాలని నిర్ణయమైంది. వాడికి మూడేళ్ళు. వాడు పడటం కన్నా నాకు టైల్స్ కోత అంటేనే ఎక్కువ భయం. పోయిన చలికాలమంతా వాడి ఛాతీలో పిల్లికూతలు విన్నదాన్ని. దుమ్ముకు దూరంగా ఉంచమని డాక్టరు ఒక్కసారే చెప్పింది. నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మామగారు రైల్వేలో ఫిట్టరుగా రిటైరయ్యారు. మేస్త్రీని పిలవడం ఆయనకు నామోషీ. ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళో, భుయ్యాడీహ్ పేటలో, మా ఇంటి తలుపుల నుంచి కుళాయిల దాకా అన్నీ ఆయన చేతివే. చేతి గ్రైండరుతో వాకిట్లో కూర్చుని కోసేస్తానన్నారు. పొడిగా కోస్తే లేచే తెల్లటి దుమ్ము ఎంత చెడ్డదో ఫోనులో వీడియో చూపించాను. అందులో మనిషి వేసుకున్న బూట్లు బాగున్నాయని ఊరుకున్నారు. చివరికి మావారు జుగ్సలాయి బజారు నుంచి నీళ్ళ కట్టర్ అద్దెకు తెచ్చి, మా ఇద్దరి మధ్యా దించి, డ్యూటీకి జారుకున్నారు. అది చిన్న బల్లలాంటి మిషన్. కింద తొట్టిలో నీళ్ళుంటాయి. గుండ్రటి బ్లేడు ఆ నీళ్ళలో మునిగి తిరుగుతుంటే దుమ్ము పైకి లేవకుండా బురదై దిగిపోతుంది.

ప్లగ్గు ఎత్తులో ఉండాలన్నాను. వైరు మీదికి పాకిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కిందే కారిపోవాలి కాబట్టి, వైరు ఒక వంపు తిరిగి వేలాడాలన్నాను. కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోమన్నాను. ఇన్‌స్పెక్షన్ అయిందా మేడమ్ అని అడిగి మరీ అన్నీ చేశారాయన. పిల్లాడిని అత్తయ్యగారితో లోపలి గదిలో ఉంచి, తలుపు కింద తడి తువ్వాలు కూరాను.

మొదటి టైల్స్ సొరకాయ ముక్కల్లా తెగాయి. ఆ తర్వాతిది సగంలో ఉండగా మామగారు "పానీ, పానీ" అని అరిచారు. ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషికి, మిషన్ తిరిగిందంటే వర్క్‌షాపు హిందీ వచ్చేస్తుంది. అత్తయ్యగారు దాహమనుకున్నారు. పిల్లాడిని చంకనేసుకుని, తువ్వాలు కాలితో తోసి, గ్లాసుడు మంచినీళ్ళతో వచ్చేశారు. తీరా చూస్తే తొట్టి అడుగంటింది. బ్లేడు దగ్గర తెల్లగా పొగలా లేస్తోంది. పరుగున వెళ్ళి స్విచ్చి ఆపేశాను.

మామగారు కళ్ళద్దాలు పైకి తోశారు. "సగంలో ఆపేత్తావేటమ్మా. ఇరిగిపోద్ది."

"విరిగితే ఇంకోటి కోద్దాం మావయ్యగారూ. వీడికి ఆయాసమొస్తే నేనేటి చెయ్యాలి?"

ఆయన తొట్టి వైపు చూశారు. అత్తయ్యగారి చేతిలో గ్లాసు అందుకుని తాగేశారు. "అలాగైతే నువ్వే కొయ్యి. నీళ్ళు నేను పోత్తాను."

వెటకారమో, నిజమో తెలియలేదు. తేల్చుకునేలోపే సరేననేశాను. చున్నీ తీసి, పొట్టి చేతుల కుర్తా వేసుకుని, జుట్టు ముడేసి, ఆయన కళ్ళద్దాలు, మాస్కు నేను పెట్టుకున్నాను. గాజులు తీయబోతే అత్తయ్యగారు అడ్డం పడ్డారు. ముత్తయిదువ బోసి చేతులతో ఉండటమేమిటని ఆవిడ బాధ. గాజులు బ్లేడుకు తగులుకుంటే చెయ్యి లోపలికి పోతుందని నా బాధ.

"అయితే నాకియ్యి. నీ బదులు నేనేసుకుంటాను."

చేతికి సబ్బు రాసుకుని మరీ నా గాజులు తన గాజుల మీదుగా ఎక్కించుకుని, గలగలమంటూ పిల్లాడిని లోపలికి తీసుకుపోయారు. ఇది ఏ శాస్త్రంలో ఉందని నేనూ అడగలేదు.

వేళ్ళు బ్లేడుకు దూరంగా పెట్టి, టైలును బల్లకు అదిమి, మెల్లగా జరిపాను. తోసేద్దామనిపించినప్పుడల్లా ఆగాను. తోస్తే అంచు పెచ్చులూడుతుంది, చెయ్యి జారుతుంది. ఈ లెక్కన మనవడి పెళ్ళికి బాత్రూం తయారవుతుందని మామగారు మగ్గుతో తొట్టి నింపుతూ అన్నారు. నా కళ్ళద్దాల మీద బూడిదరంగు చుక్కలు చిందాయి. గాలి మాత్రం తేటగా ఉంది. ఆ పూట పని ఆపి ప్లగ్గు పీకగానే, ఎండితే మళ్ళీ దుమ్మే అవుతుందని, నేను చెప్పకముందే ఆయనే తడిగుడ్డతో బురదంతా తుడిచారు.

సాయంత్రం పిల్లాడి వీపుకు చెవి ఆనించి విన్నాను. కూత లేదు. నమ్మకం కుదరక రెండోవైపు కూడా విన్నాను.

"మమ్మీ, ఛోడో నా," అని వదలమంటూ వాడు విదిలించుకున్నాడు.

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏదో ఒకటి అంటారని సిద్ధమయ్యాను.

"ఏటి ఇనబడతంది?" అని మెల్లగా అడిగారు.

ఏమీ వినబడటం లేదన్నాను. అయితే రేపు మిగతావి కూడా నన్నే కొయ్యమని, టీవీ ముందుకు వెళ్ళిపోయారు.